పెళ్లి చేస్తే వాడే మారతాడా?



పాతికేళ్లు దాటిన నా గురుజీవితంలో తల్లిదండ్రుల నోట ఎక్కువసార్లు విన్న మాట ఏదని ఎవరైనా అడిగితే, తడుముకోకుండా చెప్పగలను: "పెళ్లి చేస్తే వాడే మారతాడు ఫాదర్." చదువు మధ్యలో మానేసిన కొడుకు గురించి ఈ మాట అంటారు. ఏ పనిలోనూ నెల రోజులు నిలవని కొడుకు గురించి అంటారు. సాయంత్రమైతే సెంటర్లో కూర్చుని, చీకటి పడ్డాక తూలుతూ ఇల్లు చేరే కొడుకు గురించి మరీ ఎక్కువగా అంటారు. మాత్ర వేస్తే జ్వరం తగ్గుతుందన్నంత నమ్మకంగా అంటారు. ఈ నమ్మకం ఎంతవరకు నిజమో దేవుని వాక్యపు వెలుగులో, మనిషి మనస్సును పరిశీలించిన పండితుల మాటలను కూడా కలుపుకొని ఈ వారం ఆలోచిద్దాం. అంతకంటె ముందు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

నేను రాసిన "అవును"

చాలా ఏళ్ల క్రితం నేనొక డెల్టా గ్రామంలో విచారణ గురువుగా ఉన్నాను. ఎవరినీ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. ఒక తల్లి తన ఇరవై నాలుగేళ్ల కొడుకును వెంటబెట్టుకొని, పెళ్లి కాగితాలు రాయించడానికి నా గదికి వచ్చింది. అబ్బాయికి తాగుడు అలవాటున్నదని ఊరంతా ఎరుగుదురు. నేనూ ఎరుగుదును. అమ్మాయి వాళ్లది దూరపు విచారణ. వాళ్లు ఎరుగరు.

పెళ్లికి ముందు గురువు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. "ఈ వివాహం నీ సొంత ఇష్టంతోనే చేసుకుంటున్నావా? ఎవరి బలవంతమైనా ఉన్నదా?" అని అడిగాను. ఆ అబ్బాయి తల్లి ముఖంలోకి చూశాడు. తల్లి అందుకొని, "ఇష్టమేనండి ఫాదర్, వాడికి ఇష్టం కాకపోవడమేంటి? పెళ్లయితే వాడే దారికొస్తాడు" అన్నది. నేను కాగితం మీద "అవును" అని రాశాను.

మూడు ఆదివారాలు గుడిలో చాటింపు వేశాం. పెళ్లి ఘనంగా జరిగింది. రెండున్నరేళ్లు తిరిగేసరికి ఒక సాయంత్రం జపమాల వేళకు ఆ అమ్మాయి బిడ్డను చంకనేసుకొని వచ్చింది. "పిల్లాడు బాగున్నాడామ్మా?" అని పలకరించాను. "నాకు ఇద్దరు పిల్లలు ఫాదర్. చిన్నోడికి ఏడాది. పెద్దోడికి ఇరవయ్యారు" అన్నది. ఆమె నవ్వలేదు, ఏడవనూ లేదు. అలసిపోయిన మనిషి లెక్క చెప్పినట్టు చెప్పింది.

ఆ రాత్రి నేను పాత కాగితాలు తీసి చూశాను. "అవును" అని నా చేతిరాత స్పష్టంగా ఉన్నది. ఆ మాట అన్నది అబ్బాయి కాదు, వాళ్లమ్మ. రాసింది నేను. తానుగా నోరు తెరిచి ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేనివాడి చేతికి మేమిద్దరం కలిసి ఒక ఆడపిల్ల జీవితాన్ని అప్పగించాం. ఆనాటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలలేదు. మనిషి పెద్దవాడవడమంటే ఏమిటి? అది ఎప్పుడు, ఎలా జరుగుతుంది?

ఒక మాట, రెండు అర్థాలు

మన తెలుగులో "పెద్దమనిషి" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. నలుగురికి మంచీ చెడూ చెప్పి, ఇచ్చిన మాట మీద నిలబడేవాణ్ణి పెద్దమనిషి అంటాం. ఇంట్లో ఆడపిల్ల ఈడుకు వస్తే ఆమె కూడా "పెద్దమనిషి అయింది" అంటాం. మొదటిది గుణాన్ని బట్టి వచ్చే పెద్దరికం. రెండవది శరీరాన్ని బట్టి వచ్చే పెద్దరికం. మాట ఒకటే కనుక విషయం కూడా ఒకటేనని పొరబడుతుంటాం.

ఆడపిల్లకు ఓణీ కట్టి, చుట్టాలను పిలిచి, ఆ రోజు నుంచి "నువ్వు పెద్దదానివయ్యావు, ఒద్దికగా ఉండు" అని పూటపూటా చెబుతాం. ఆమె మనసు ఇంకా పలకా బలపం దగ్గరే ఉన్నా సరే, నెత్తిన బరువు పెట్టేస్తాం. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు 29 మంది, తెలంగాణలో 23 మందికి పైగా ఉన్నారు. చట్టం ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 నిండాలంటున్నా పరిస్థితి ఇది.

ఇక మగపిల్లవాడికి అలాంటి రోజే లేదు. తిన్న కంచం తీయనక్కరలేదు. విడిచిన చొక్కా ఎక్కడ పడిందో చూడనక్కరలేదు. అందుకే అక్క పద్నాలుగేళ్లకే ఇంటి బాధ్యత మోస్తుంది, తమ్ముడు ముప్పై ఏళ్లకూ "మా బుజ్జిగాడు"గానే మిగులుతాడు. ఒకరిని తొందరపెట్టి పెద్దచేస్తున్నాం, ఇంకొకరిని అసలు పెద్ద కానివ్వడం లేదు. ఆ తర్వాత వారిద్దరికీ ముడిపెట్టి, అతణ్ణి మార్చే పని ఆమెకు అప్పజెబుతున్నాం.

మెట్లెక్కినంత మాత్రాన సరిపోతుందా?

ఫ్రాన్సులో పనిచేసిన ఆర్నాల్డ్ వాన్ జెనెప్ అనే పండితుడు 1909లో ఒక గ్రంథం ప్రచురించాడు. మనిషి ఒక దశ నుంచి మరో దశలోకి అడుగుపెట్టేటప్పుడు వేర్వేరు జాతులు చేసే సంస్కారాలను పోల్చి చూసి, వాటిలో మూడు భాగాలుంటాయని చెప్పాడు. పాత జీవితం నుంచి వేరుచేయడం మొదటిది. ఇటూ అటూ కాని మధ్యకాలం రెండవది. కొత్త స్థానంతో సంఘంలోకి తిరిగి చేర్చుకోవడం మూడవది. ఎన్నో జాతులలో ఆ మధ్యకాలమే కుర్రవాళ్లకు శిక్షణ, పరీక్ష. పెద్దలు వారిని ఇంటికి దూరంగా ఉంచి, కష్టం చూపించి, తెలియవలసినవి నేర్పి పంపేవారు. మన దగ్గర ఇప్పుడు విందు మిగిలింది, ఫొటోలు మిగిలాయి. ఆ మధ్యకాలం మాత్రం ఎటో జారిపోయింది.

సామాజిక శాస్త్రవేత్తలు పెద్దరికానికి సాధారణంగా ఐదు మెట్లు లెక్కిస్తారు. చదువు పూర్తికావడం, సంపాదనలో పడడం, తల్లిదండ్రుల ఇంటి నుంచి వేరుపడడం, పెళ్లి, బిడ్డలు. మన తాతల కాలంలో ఈ మెట్లు దగ్గరదగ్గరగా ఉండేవి. పన్నెండేళ్లకే నాన్న వెనుక పొలానికి వెళ్లి, ఎద్దులను అదిలించి, నారుమడిలో కాలుపెట్టి, ఇరవై ఏళ్లొచ్చేసరికి కుర్రవాడు ఒక సేద్యగాడి పనంతా నేర్చుకొని ఉండేవాడు. పెళ్లి అతణ్ణి పెద్దవాణ్ణి చేయలేదు. పెళ్లినాటికే అతడు పనిలో పెద్దవాడై ఉండేవాడు. "పెళ్లయితే మారతాడు" అనే నమ్మకం బహుశా ఆనాటి అనుభవం నుంచి పుట్టి ఉంటుంది. పెళ్లి ఒక్కటే మనకు గుర్తుండిపోయింది, దానికి ముందు జరిగిన పదేళ్ల శిక్షణను మరచిపోయాం.

ఇప్పుడు ఈ మెట్లు దూరదూరంగా జరిగాయి. చదువులు ఇరవై రెండు, ఇరవై అయిదేళ్ల వరకు సాగుతున్నాయి. ఇంటర్మీడియట్ హాస్టలులో పిల్లవాడు లేవడానికి గంట, చదవడానికి గంట, తినడానికి గంట. గ్రూపు నాన్న ఎంచుకుంటాడు, కాలేజీ మేనమామ ఎంచుకుంటాడు, ఆదివారం ఫోనులో ఏం మాట్లాడాలో అమ్మ చెబుతుంది. మన రాజ్యాంగం 1989 నుంచి 18 ఏళ్లవారికి ఓటుహక్కు ఇచ్చింది. దేశానికి పాలకుణ్ణి ఎన్నుకోగలవాడు తన చొక్కా రంగు కూడా ఎన్నుకోకుండా ఇరవై ఏళ్లు దాటుతున్నాడు. అలా పెరిగినవాడు ఒక్కసారిగా హైదరాబాదులోనో బెంగుళూరులోనో గదిలో ఒంటరిగా పడినప్పుడు తడబడడం వింత కాదు.

మనస్సు లెక్క వేరు

మెట్లు బయటివి. లోపల జరగవలసింది మరొకటున్నది. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎరిక్ ఎరిక్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త (1902-1994) మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా వివరించాడు. మన మహాత్మాగాంధీ జీవితం మీద కూడా ఆయన 1969లో ఒక ప్రసిద్ధ గ్రంథం రాశాడు. యౌవనారంభంలో మనిషి తేల్చుకోవలసిన ప్రశ్న "నేనెవరిని?" అన్నది. ఆ తర్వాతి దశలో ఎదురయ్యేది "నేను ఇంకొకరితో జీవితాన్ని పంచుకోగలనా?" అన్నది. ఈ వరుస గమనించండి. తానెవరో తేల్చుకున్నవాడే తనను తాను ఇంకొకరికి ఇవ్వగలడని ఆయన భావం. చేతిలో లేనిదాన్ని ఎవరికైనా ఎలా ఇస్తాం? మనం మొదటి ప్రశ్నను దాటవేసి, రెండవ ప్రశ్నతోనే మొదటిదానికి జవాబు దొరుకుతుందని ఆశపడుతున్నాం.

ఎరిక్‌సన్ బాటలోనే జేమ్స్ మార్సియా అనే శాస్త్రవేత్త 1966లో యువకుల స్థితిని నాలుగు రకాలుగా విడదీశాడు. ఏమీ ఆలోచించక, ఏదీ తేల్చుకోక కాలం గడిపేవారు కొందరు. వెతుకుతున్నారు గాని ఇంకా తేల్చుకోనివారు కొందరు. వెతకకుండానే పెద్దలు చెప్పినదాన్ని తమదిగా కట్టుకున్నవారు కొందరు. వెతికి, ఆలోచించి, తమ నిర్ణయం తాము చేసుకున్నవారు కొందరు. మూడవ రకం పిల్లలు మన ఇళ్లలో ఎక్కువ. బుద్ధిమంతులుగానే కనబడతారు. ఎరువు తెచ్చుకున్న నగ పెళ్లిలో మెరుస్తుంది గాని, కష్టకాలంలో కుదువబెట్టడానికి పనికిరాదు. ఎరువు నిర్ణయం కూడా అంతే. కష్టం రాగానే, "నేనడిగానా? మీరే కదా చేశారు!" అంటాడు.

ఈ విషయంలో నేను ఎవరినీ వేలెత్తి చూపను. మా అమ్మ మొక్కుబడి వల్ల నేను చిన్న సెమినరీలో చేరాను. పెద్ద సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో, ఒక ఆధ్యాత్మిక గురువు నన్ను పిలిచి, "ఈ పిలుపు మీ అమ్మదా, నీదా?" అని అడిగారు. నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఒక ఏడాది నిద్రలేకుండా ఆలోచించాను. చివరికి నాదేనని నేను చెప్పుకోగలిగిన రోజున, అమ్మ మొక్కు నా ప్రార్థనగా మారింది. ఆ ప్రశ్న అడగకుండా ఉంటే ఈనాడు నేను ఎలాంటి గురువునై ఉండేవాణ్ణో తలచుకుంటే భయమేస్తుంది.

జెఫ్రీ ఆర్నెట్ అనే అమెరికా శాస్త్రవేత్త 2000లో ఒక వ్యాసం రాస్తూ, 18 నుంచి 25 ఏళ్ల వరకు సాగే ఈ కాలాన్ని ఒక ప్రత్యేక దశగా గుర్తించాలన్నాడు. మీరు పెద్దవారయ్యారని దేన్ని బట్టి చెబుతారని యువకులనే అడిగితే, ఎక్కువమంది పెళ్లినో డిగ్రీనో చెప్పలేదు. తన పనులకు తానే బాధ్యత వహించడం, తన నిర్ణయం తాను చేసుకోవడం, తన ఖర్చు తాను భరించడం అన్నారు. చైనా విద్యార్థులను అడిగినప్పుడు, తల్లిదండ్రులకు ఆసరా కాగలగడం కూడా ముఖ్యమని చెప్పారు. మన సంస్కృతికీ అది దగ్గరి మాటే. పెద్దవాడవడమంటే అమ్మానాన్నలను వదిలిపోవడం కాదు. వారి మీద వాలి నిలబడినవాడు, వారికి ఆనుకోవడానికి భుజం ఇవ్వగలగడం.

గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ క్రీస్తుపూర్వమే చెప్పినది కూడా ఇదే. న్యాయమైన పనులు చేస్తూ చేస్తూ మనిషి న్యాయవంతుడవుతాడు, ధైర్యం గల పనులు చేస్తూ ధైర్యవంతుడవుతాడు. సద్గుణం అభ్యాసం వల్ల వచ్చేది. తాళి కట్టే క్షణంలో ఊడిపడేది కాదు.

మోనికమ్మ కూడా ఇలాగే అనుకున్నది

ఈ సంగతంతా నేటి పండితుల గొడవేనని అనుకోకండి. ఆగస్టు 27న మనం పునీత మోనికమ్మ పండుగ, మరునాడు ఆమె కొడుకు పునీత అగుస్తీను పండుగ చేసుకుంటాం. అగుస్తీను ఆఫ్రికా ఉత్తర ప్రాంతంలోని తగాస్తె పట్టణంలో 354లో పుట్టాడు. తన జీవితాన్ని తానే "కన్ఫెషన్స్" అనే గ్రంథంలో దాచకుండా రాసుకున్నాడు. దాన్ని తల్లిదండ్రులు ఒకసారి చదివితే, మన వీధిలో జరిగినట్టే ఉన్నదే అనుకుంటారు.

అతనికి పదహారేళ్లప్పుడు, కొడుకు ఈడుకు వచ్చిన సంగతి గమనించి తండ్రి పత్రీసియుస్ మురిసిపోయాడు. మనవలు పుడతారని సంబరంగా భార్యకు చెప్పాడు. మోనికమ్మ భయపడింది. అయినా అప్పుడు పెళ్లి తలపెట్టలేదు. కారణం ఏమిటో తెలుసా? పెళ్లి చేస్తే చదువు చెడుతుందని! తండ్రి చూపు శరీరం మీద ఉన్నది, ఇద్దరి చూపూ కొడుకు పైచదువుల మీద ఉన్నది. ఆ కుర్రవాడి లోపల ఏం జరుగుతున్నదో అడిగినవారు లేరు. కార్తేజు నగరంలో చదువుతూ అతడు ఒక స్త్రీతో పెళ్లి లేకుండానే కాపురం పెట్టాడు. కొడుకు పుట్టాడు. తర్వాత రోముకు బయలుదేరేటప్పుడు, వెంట వస్తానన్న తల్లికి అబద్ధం చెప్పి, ఆమె ప్రార్థనలో ఉండగా రాత్రికి రాత్రే ఓడ ఎక్కేశాడు.

తల్లి వదలలేదు. సముద్రం దాటి మిలాను నగరానికి వచ్చింది. అక్కడ ఆమె ఏం చేసింది? సరిగ్గా మన తల్లులు చేసేదే. ఒక మంచి సంబంధం చూసింది. పెళ్లయితే కొడుకు జ్ఞానస్నానం పొంది దారిలో పడతాడని ఆమె ఆశ. ఆ అమ్మాయికి ఇంకా పెళ్లియీడు రాలేదు, రెండేళ్లు ఆగాలి. ఈ సంబంధం కోసం, అన్నేళ్లుగా అగుస్తీనుతో కాపురం చేసిన స్త్రీని ఆఫ్రికాకు తిరిగి పంపేశారు. కన్నకొడుకు ఇక్కడే ఉండిపోయాడు. ఆమె మరి ఏ పురుషుణ్ణీ ఎరుగనని మొక్కుకొని వెళ్లిపోయింది. మరి అగుస్తీను మారాడా? ఆ రెండేళ్లు కూడా ఆగలేక మరొక స్త్రీని తెచ్చుకున్నాడు. ఈ మాటలు ఆయనే సిగ్గుతో రాసుకున్నాడు. వెళ్లిపోయిన ఆ ఆఫ్రికా స్త్రీ పేరు కూడా మనకు తెలియదు. ఒక మగవాణ్ణి "దారిలో పెట్టే" ప్రయత్నంలో పేరు లేకుండా నలిగిపోయిన ఆడవాళ్లు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు.

అగుస్తీనును మార్చింది ఆ సంబంధం కాదు. 386లో మిలానులో ఒక తోటలో, తన బలహీనతకు ఇంకెవరినీ సాకు చెప్పకుండా, తనతో తాను పోరాడి, దైవకృపకు లొంగిపోయి, తన నిర్ణయం తాను చేసుకున్నాడు. అప్పటికి ఆయన వయస్సు 31. మరుసటి ఏడు ఈస్టరు జాగరణ రాత్రి పునీత అంబ్రోసు మేత్రాణుల చేతులమీదుగా జ్ఞానస్నానం పొందాడు. ఆ పెళ్లి జరగనే లేదు.

మరి తల్లి కన్నీళ్లు వృథాయేనా? కానే కాదు. ఎన్నో ఏళ్లకు ముందు ఒక మేత్రాణులను కలిసి, నా కొడుకుతో వాదించి మార్చండని ఆమె బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు. అతణ్ణి ప్రస్తుతానికి వదిలెయ్యి, అతని కోసం ప్రార్థన మాత్రం మానకు, తన తప్పు తానే తెలుసుకుంటాడని చెప్పి పంపారు. మోనికమ్మకు అన్నిటికంటె కష్టమైన తపస్సు అదే అయి ఉంటుంది. కన్నీళ్లు కార్చడం కష్టం కాదు. కొడుకు నిర్ణయాన్ని కొడుకుకే వదిలిపెట్టడం కష్టం.

తొందరపడని తండ్రి

ప్రభువు చెప్పిన తప్పిపోయిన కుమారుని ఉపమానం (లూకా 15:11-32) మనకు కంఠతా వచ్చు. ఆ తండ్రి మన ఊరివాడైతే ఏం చేసేవాడో ఒకసారి ఊహించండి. ఆస్తి అడిగిన మరునాడే పెళ్లిచూపులకు బయలుదేరేవాడు! సువార్తలోని తండ్రి అలా చేయలేదు. గుండె రాయి చేసుకొని వాటా ఇచ్చాడు, వెళ్లనిచ్చాడు. అప్పులు తీర్చడానికి మనుషులను పంపలేదు. తలుపు మాత్రం మూయలేదు, దారివంక చూడడం మానలేదు.

ఆ కొడుకు పెద్దవాడయింది ఎప్పుడు? ఆస్తి చేతికి వచ్చినప్పుడు కాదు. దూరదేశంలో సొంత కాపురం పెట్టినప్పుడు కాదు. పందుల మధ్య కూర్చుని, తెలివి తెచ్చుకొని, తప్పు చేసింది నేనేనని తనకు తాను చెప్పుకున్నప్పుడు. కరువు మీద నెట్టలేదు, స్నేహితుల మీద నెట్టలేదు, ఆస్తి ఇచ్చిన తండ్రి మీద నెట్టలేదు. ఆ ఒప్పుకోలు అతని సొంతం. ఆ తర్వాత లేచి నడిచిన నడక కూడా అతని సొంతం.

ఇంట్లోనే ఉన్న పెద్దకొడుకును కూడా చూడండి. పని చేస్తున్నాడు, చెడు తిరుగుళ్లు లేవు. ఊరంతా మెచ్చుకునే కొడుకు. కాని లోపల జీతగాడిలా లెక్కలు రాసుకుంటున్నాడు, తమ్ముణ్ణి తమ్ముడని పిలవలేకపోతున్నాడు. మెట్లన్నీ ఎక్కినా పెద్దవాడు కానివాడు ఆ పెద్దకొడుకే. పిల్లవాడి తలంపులు విడిచిపెట్టానని పునీత పౌలు చెప్పిన సందర్భం (1 కొరింతి 13:11) కూడా మరచిపోకూడదు. అది ప్రేమను గురించిన అధ్యాయం. పెద్దరికానికి కొలత ప్రేమించగలగడమే.

తిరుసభ బోధ

మన తిరుసభ చట్టం (1983) ఈ విషయంలో ఎంతో స్పష్టంగా ఉన్నది. వివాహాన్ని చేసేది వధూవరుల సమ్మతి. ఆ సమ్మతిని వారికి బదులుగా ఏ మానవ శక్తీ ఇవ్వజాలదు (చట్టం 1057). తల్లి ఇవ్వలేదు, కులపెద్ద ఇవ్వలేడు, విచారణ గురువూ ఇవ్వలేడు. వివాహ బాధ్యతలను తూచి నిర్ణయించుకోగల వివేచన బొత్తిగా లోపించినవారు, మానసిక కారణాల వల్ల ఆ బాధ్యతలను స్వీకరించే శక్తి లేనివారు వివాహానికి అర్హులు కారు (చట్టం 1095). కాపురాన్ని తీవ్రంగా దెబ్బతీయగల ఒక లక్షణాన్ని, సమ్మతి పొందడం కోసం మోసంతో దాచి చేసిన పెళ్లి చెల్లకుండా పోతుంది (చట్టం 1098). "అబ్బాయి తాగుడు సంగతి చెబితే సంబంధం తప్పిపోతుంది ఫాదర్" అనేవారు ఈ చివరి మాటను రెండుసార్లు చదవండి.

భద్రమైన అభ్యంగనాన్ని కొన్నిసార్లు పెద్దరికపు సంస్కారం అంటారు. అయితే విశ్వాసంలో పెద్దరికాన్ని వయసుతో వచ్చే పెద్దరికంతో కలగాపులగం చేయకూడదని కథోలిక సత్యోపదేశం (1308) హెచ్చరిస్తున్నది. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో తన తండ్రి పని ఏదో ఎరిగి మాట్లాడాడు, ఆ తర్వాత నజరేతుకు వెళ్లి మరియతల్లికీ యోసేపుకూ విధేయుడై ఉన్నాడు (లూకా 2:41-52). తానెవరో తెలిసినవాని విధేయత అది. తెలియనివాని విధేయత భయం మాత్రమే.

వివాహం దివ్యసంస్కారమే కదా, కృప మార్చదా అని మీరడగవచ్చు. మారుస్తుంది, సందేహం లేదు. పెళ్లయ్యాక నిజంగా బాగుపడినవారిని నేనూ చూశాను. అయితే కృప మానవ స్వభావాన్ని తీసివేయదు, దాన్ని పరిపూర్ణం చేస్తుందని పునీత తోమాసు అక్వీనాసు మనకు నేర్పారు. తన వంతు ఒక్క అడుగైనా వేయడానికి ఇష్టపడనివాణ్ణి కృప కాళ్లు కట్టి లాక్కుపోదు.

మన ఇళ్లలో చేయవలసినవి

తల్లిదండ్రులారా, మీరు ఆ మాట ఎందుకంటారో నాకు తెలుసు. అలసిపోయి అంటారు. ఇక మా వల్ల కాదు, ఎవరైనా అందుకోండి అన్న ఆర్తి అందులో ఉన్నది. ఆ ఆర్తిని నేను తక్కువ చేయను. కాని మీరు దించుకున్న బరువు ఎవరి పిల్ల నెత్తిన పడుతుందో చూడండి.

చిన్ననాటి నుంచే చిన్న నిర్ణయాలు వారికి వదలండి. బడికి పుస్తకం మరచిపోతే వెంటనే పరుగెత్తుకెళ్లి ఇవ్వకండి, ఒకరోజు చీవాట్లు తిననివ్వండి. పండుగకు ఇచ్చిన డబ్బు ఒక్కరోజులో ఖర్చుచేస్తే మళ్లీ ఇవ్వకండి. ఇంటిపనిలో కొడుకుకూ కూతురికీ ఒకే లెక్క పెట్టండి. ఏ గ్రూపు, ఏ పని అన్నచోట మీ అనుభవం చెప్పండి, కాని చివరి మాట వారిచేత అనిపించండి. తప్పు చేసి వచ్చినప్పుడు "నేను చెప్పలేదా?" అని మొదలుపెట్టకుండా, "ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు?" అని అడగండి. తాగుడు ఉంటే దానికి ముందు వైద్యం చేయించండి, పెళ్లి తర్వాత చూడవచ్చు.

యువతీయువకులారా, అమ్మానాన్నలను గౌరవించమన్న దేవుని ఆజ్ఞ మిమ్మల్ని పసివాళ్లుగా ఉండిపొమ్మనడం లేదు. "మావాళ్లు చేశారు" అనే సాకు మీ నోట ఎన్నిసార్లు వస్తున్నదో ఒక వారం లెక్కపెట్టుకోండి.

ఇక నా సంగతి. ఆ రోజు నుంచి పెళ్లి కాగితాలు రాసేటప్పుడు అమ్మాయిని వేరుగా, అబ్బాయిని వేరుగా కూర్చోబెడుతున్నాను. తల్లిదండ్రులు బయట వరండాలో కూర్చుంటారు. "మీరు చేసిన ఒక తప్పు, దాన్ని మీరు సరిదిద్దుకున్న తీరు చెప్పండి" అని అడుగుతాను. జవాబు కోసం ఎంతసేపైనా ఆగుతాను. రెండుసార్లు పెళ్లి తేదీ వాయిదా వేయించాను. రెండు కుటుంబాలూ నా మీద కోపంగానే ఉన్నాయి.

మొదట చెప్పిన ఆ అబ్బాయి ఏమయ్యాడంటారా? తల్లి అతని అప్పులు తీర్చడం మానేసింది. ఆమెకు అది ఎంత కష్టమైందో నేను చూశాను. కొన్ని నెలల తర్వాత ఒక ఉదయం పూజ అయ్యాక అతడు ఒక్కడే వచ్చాడు. "మందు మాన్పించే ఆసుపత్రికి ఒక చీటీ రాసివ్వండి ఫాదర్, నేనే వెళ్తాను" అన్నాడు. తల్లి లేకుండా అతడు నా గడప తొక్కడం అదే మొదటిసారి. ఒకసారి జారిపడ్డాడు, మళ్లీ లేచాడు. ఇప్పుడు ఆ కాపురం నిలబడి ఉన్నది. కాని ఆ అమ్మాయి పోగొట్టుకున్న ఏళ్లను ఎవరూ తిరిగి ఇవ్వలేరు. అందులో నా వంతు ఉన్నదని ప్రతి పూజలోనూ ప్రభువుకు చెప్పుకుంటాను.

అతడు మారాడు, నిజమే. పెళ్లి చేసినందుకు కాదు. తన "అవును" తాను చెప్పినందుకు.

ప్రార్థన: ప్రభువా, మా బిడ్డలను మా చేతుల్లో కొంతకాలమే ఉంచావు. వారిని వదలవలసిన వేళ వదలడానికి, వారు తిరిగి వచ్చే వేళ పరుగెత్తి ఎదురువెళ్లడానికి మాకు బలమివ్వు. తామెవరో ఎరిగి, తమ మాట తామే చెప్పి, దానిమీద నిలబడే ధైర్యాన్ని మా యువతకు దయచేయి. పునీత మోనికమ్మా, పునీత అగుస్తీనూ, మా కుటుంబాల కొరకు ప్రార్థించండి. ఆమెన్.